పని బాగుంటే వాళ్లే రాస్తారా?

ప్రశ్న: మా ఆయన ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు చేస్తారు. ఆయనతో పాటు ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఫోన్లు ఎత్తడం, ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో చూడటం, బిల్లులు అన్నీ నావే. ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాం, పని విషయంలో మాట పడింది చాలా తక్కువ. కానీ గూగుల్‌లో మాకున్నవి 17 రివ్యూలే. నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లకి 200 దాటాయి, కొత్త పనులన్నీ అటే పోతున్నాయి. కస్టమర్లని అడుగుదామంటే మా ఆయన ‘పని బాగుంటే వాళ్లే రాస్తారు, ఒకళ్లని దేబిరించడం ఏంటి’ అంటారు. ఈ మధ్య ఒకతను ఫోన్ చేసి, డబ్బిస్తే వారంలో 50 రివ్యూలు పెట్టిస్తానన్నాడు. దీనికి తోడు పోయిన నెల ఒకావిడ ఒక్క స్టార్ ఇచ్చి, ‘పని బానే చేశారు కానీ మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు, గోడంతా మరకలు చేసి పోయారు’ అని రాసింది. అది చూసినప్పటినుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు? (పేరు వద్దన్న ఒక పాఠకురాలు)

జవాబు:

అమ్మా, ముందు ఆ 50 రివ్యూల మనిషి సంగతి తేల్చేద్దాం. వద్దు. ఆ నంబరు బ్లాక్ చేసెయ్యండి. ఎందుకు వద్దో తర్వాత చెప్తాను, ఎందుకంటే మీ అసలు చిక్కు అతను కాదు, మీ ఆయన అన్న మాట.

పని బాగుంటే వాళ్లే రాస్తారని నేనూ చాలా ఏళ్లు నమ్మాను. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే సర్వీసు నడిపినవాణ్ణి కాబట్టి మీ ఆయన ఏ ఉద్దేశంతో ఆ మాట అంటున్నారో నాకు బాగా తెలుసు. చేతిలో పని ఉన్న మనిషికి ఇంకొకరి ముందు చెయ్యి చాచినట్టు ఉంటుంది. కానీ మన పని తీరే వేరు. కుళాయి కారుతున్నంతసేపే ఇంట్లోవాళ్లకి కుళాయి గుర్తుంటుంది, బాగుపడ్డాక దాని వంక చూసేవాళ్లే ఉండరు. మనం ఎంత బాగా చేస్తే మనల్ని అంత తొందరగా మర్చిపోతారు. కోపం వచ్చినవాళ్లకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు, రాత్రి పదకొండింటికైనా కూర్చుని రాస్తారు. తృప్తి పడ్డవాళ్లు ‘హమ్మయ్య’ అనుకుని తమ పనుల్లో పడిపోతారు. అందుకే ఎవరినీ అడగనివాళ్ల పేజీలో కోపాలే పైకి తేలి కనపడతాయి. ఆ ఒక్క స్టార్ మిమ్మల్ని అంత బాధపెడుతున్నది కూడా పక్కనున్నవి పదహారే కాబట్టి. అదే 200 మధ్యలో ఉంటే ఒక మూల పడి ఉండేది.

ఇక దేబిరించడం అన్నారు చూడండి. ఇదివరకు పక్కింటావిడ ‘మీ గీజర్ ఎవరు బాగుచేశారు’ అని అడిగితే మీ కస్టమర్ మీ ఆయన నంబరు ఇచ్చేది. అది కూడా రివ్యూనే కదా, మీ ఆయన దాన్ని ఎప్పుడూ చిన్నతనంగా అనుకుని ఉండరు. ఇప్పుడా పక్కింటావిడ అడిగేది ఫోన్‌ని. మీ కస్టమర్ ఎలాగూ చెప్పే మాటనే ఆవిడకి కనపడే చోట రాయమని అడుగుతున్నాం, ఇందులో తగ్గిపోయేదేం లేదు.

పైగా ఇది మనలాంటి చిన్నవాళ్లకే ఎక్కువ అవసరం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైఖేల్ లూకా అనే ఆయన 2011లో అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల మీద ఒక అధ్యయనం చేశారు. యెల్ప్ అనే రివ్యూల సైట్లో రేటింగ్ ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. నాకు అందులో ముఖ్యం అనిపించింది ఇంకొకటి ఉంది. ఆ పెరుగుదల అంతా సొంతంగా నడుపుకునే చోట్లదే, ఊరూరా ఒకే పేరుతో ఉండే పెద్ద చెయిన్ల మీద రేటింగ్ ప్రభావం కనపడలేదు. పేరు ముందే తెలిసినవాళ్ల గురించి జనం ఆరా తీయరు, తెలియనివాళ్ల గురించే తీస్తారు. మీ ఆయన కొత్త కస్టమర్‌కి తెలియని మనిషి, పైగా ఇంట్లోకి రావాల్సిన మనిషి. పిల్లలు, పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లోకి ఒక కొత్త మనిషిని రానివ్వాలంటే, ఇంతకుముందు రానిచ్చినవాళ్లు ఏమన్నారో చూడకుండా ఎవరు పిలుస్తారు? గూగుల్ కూడా మ్యాప్స్‌లో ఎవరిని పైన చూపించాలన్నదానికి మూడు చూస్తానని చెప్తుంది: వెతికినదానికి పొంతన, దూరం, ఎంత పేరుంది అన్నది. ఈ మూడోదాంట్లో రివ్యూల సంఖ్య, రేటింగ్ రెండూ లెక్కకొస్తాయి.

సరే, ఎలా అడగాలి అన్నదానికి వద్దాం. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. నెలాఖరున తీరిక చూసుకుని పాత కస్టమర్లందరికీ ఒకే మెసేజ్ పంపేవాణ్ణి. ఎవరికీ నేనెవరో గుర్తుండేది కాదు. ‘ఏ సర్వీసు అండీ?’ అని తిరిగి అడిగినవాళ్లే ఎక్కువ. అడగడానికి ఒక సమయం ఉంది, అది చాలా చిన్నది.

సింకు కింద లీకు అనుకోండి. పాత వాషర్ తీసి, మరలకి టెఫ్లాన్ టేపు చుట్టి, జాయింట్ బిగించాక చాలామంది లేచి చేతులు కడుక్కుని ‘అయిపోయింది మేడం’ అంటారు. అలా కాకుండా ఒక పొడి టిష్యూ పేపర్ జాయింట్ కింద పరిచి, కుళాయి పూర్తిగా తిప్పి, ఐదు నిమిషాలు నీళ్లు పోనివ్వమనండి. ఆ ఐదు నిమిషాల్లో కింద తడిసిన నేల తుడిచేసి, సామాన్లు సర్దుకోవచ్చు. తర్వాత ఇంటావిణ్ణి పిలిచి ఆ టిష్యూ ఆవిడ చేతికే ఇవ్వమనండి. పొడిగా ఉందని ఆవిడే వేళ్లతో తడిమి చూసుకుంటుంది. అప్పుడు ఆవిడ మొహంలో ఒక నిమ్మళం కనపడుతుంది చూడండి, అడగాల్సింది సరిగ్గా అప్పుడే. పొద్దున్నించీ బకెట్లు మార్చుకుంటూ విసిగిపోయిన మనిషికి ఆ ఊరట ఓ గంట, రెండు గంటలు ఉంటుంది, మర్నాటికి ఉండదు.

అడగాల్సింది కూడా పని చేసిన మనిషే. ఆఫీసు నుంచి మీరు ఫోన్ చేసి అడిగితే అది కంపెనీ గొంతు, పట్టించుకోరు. మోకాళ్ల మీద కూర్చుని ఆ సింకు కింద దూరిన కుర్రాడు అడిగితే కాదనాలనిపించదు. పెద్ద ఉపన్యాసం ఏం అక్కర్లేదు. ‘మేడం, ఇప్పుడు కొత్తవాళ్లు గూగుల్‌లో చూసే మాకు ఫోన్ చేస్తున్నారు. మీకు వీలైతే ఇవాళ పని ఎలా జరిగిందో రెండు ముక్కలు రాయండి, మా మేడం లింకు పంపుతారు. నా పేరు ఫలానా.’ ఇంతే. పేరు చెప్పడం మర్చిపోవద్దని కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి, ఎందుకంటే జనం ‘సర్వీస్ బాగుంది’ అని రాయడానికి బద్ధకిస్తారు కానీ ఒక మనిషి గురించి మంచిగా రాయమంటే రాస్తారు. ‘ఫైవ్ స్టార్ ఇవ్వండి’ అని మాత్రం అననివ్వొద్దు. ఆ మాట అన్న మరుక్షణం అప్పటిదాకా చేసిన పనంతా మార్కుల కోసం చేసినట్టు అయిపోతుంది.

అన్ని పనులకీ అదే రోజు అడగాలని లేదు. ఫ్యాన్, స్విచ్ బోర్డు, కుళాయి, గీజర్ లాంటివి వెంటనే తెలిసిపోతాయి కాబట్టి వెంటనే అడగొచ్చు. గోడలో చెమ్మకి చేసిన పని, డాబా మీద లీకు, ఊరికే ట్రిప్ అయ్యే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్), ఇవి కొన్నాళ్లు గడిస్తేగాని తేలవు. వాటికి వారం పది రోజులాగి, డాబా అయితే ఒక వాన పడ్డాక, ‘ఎలా ఉందండీ, మళ్లీ ఏమైనా వచ్చిందా’ అని ఫోన్ చెయ్యండి. బాగుందంటే అప్పుడు అడగండి. బాలేదంటే వెళ్లి సరిచేసి రండి, అది ముందే తెలిసినందుకు సంతోషించండి.

కుర్రాడు అడిగి బయటికొచ్చిన అరగంటలో మీ మెసేజ్ వెళ్లాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే గూగుల్‌లో మీ వ్యాపారానికి ఉండే పేజీలో, రివ్యూలు అడగడానికే ఒక ఆప్షన్ ఉంటుంది, అక్కడ మీ లింకు, క్యూఆర్ కోడ్ రెండూ దొరుకుతాయి. ఆ లింకు నొక్కితే నేరుగా స్టార్లు ఇచ్చే చోటే తెరుచుకుంటుంది. ‘గూగుల్‌లో మా పేరు కొట్టి, కిందికి వెళ్లి, రివ్యూస్ దగ్గర’ అని దారి చెప్పారంటే సగంమంది మధ్యలోనే ఆగిపోతారు. మీరు కస్టమర్‌తో ఏ వాట్సాప్ నంబరు నుంచి మాట్లాడారో అదే నంబరు నుంచి పంపండి, ఇలా ఏదైనా:

‘నమస్తే మేడం, ఇవాళ మీ సింకు కింద లీకు మా అబ్బాయి సరిచేశాడు. మళ్లీ చుక్క పడినా ఈ నంబరుకే ఫోన్ చెయ్యండి. వీలున్నప్పుడు ఏం సమస్య వచ్చింది, ఎలా జరిగింది అని రెండు ముక్కలు ఇక్కడ రాస్తే కొత్తవాళ్లకి ఉపయోగపడుతుంది.’ కింద లింకు.

ఇందులో ‘ఏం సమస్య వచ్చింది’ అన్న ముక్క ఊరికే పెట్టింది కాదు. చాలామంది లింకు తెరిచి, ఖాళీ డబ్బా చూసి, ఏం రాయాలో తోచక మూసేస్తారు. చిన్న ప్రశ్న ఒకటి ఉంటే చెయ్యి కదులుతుంది. అలా వచ్చిన రివ్యూ ‘గుడ్ సర్వీస్’ అన్నదానికన్నా వందరెట్లు నయం, ఎందుకంటే రేపు ఇంకెవరి ఇంట్లోనో గీజర్ వేడెక్కకపోతే ఆ మనిషి గీజర్ అన్న మాట ఉన్న రివ్యూనే చదువుతుంది. మీరే రాసిచ్చి కాపీ చేసి పెట్టమనడం మాత్రం వద్దు, నాలుగు రివ్యూలు ఒకే మాటలతో ఉంటే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

రెండు మూడు రోజుల్లో రాయకపోతే ఒక్కసారి గుర్తుచెయ్యండి. అక్కడితో వదిలెయ్యండి, మూడోసారి అడిగితే విసుగే మిగులుతుంది. గూగుల్ అకౌంట్ వాడకం తెలియని పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు, మీ కుర్రాళ్ల ఫోన్లోంచి వాళ్ల బదులు రాయడం అసలే వద్దు. క్యూఆర్ కోడ్‌ని బిల్లు మీద ఎలాగూ వేస్తారు, దాంతో పాటు మీ ఫోన్ నంబరున్న చిన్న స్టిక్కర్ ఒకటి చేయించి, ఇంటివాళ్లని అడిగి, గీజర్ పక్కనో మెయిన్ బోర్డు తలుపు లోపలో అంటించండి. అది రివ్యూకన్నా మళ్లీ పిలవడానికి ఎక్కువ పనికొస్తుంది, నా అనుభవంలో.

ఎనిమిదేళ్ల పాత కస్టమర్లు ఉన్నారు కదా, వాళ్లని వదులుకోకండి. ఫోన్ నంబర్ల పుస్తకం తీసి, మిమ్మల్ని రెండుసార్లకన్నా ఎక్కువ పిలిచినవాళ్ల పేర్లు ముందు విడిగా రాసుకోండి. మళ్లీ పిలిచారంటేనే నచ్చారని అర్థం. రోజుకి ముగ్గురో నలుగురో, అంతకు మించి వద్దు, ఒక్కొక్కరికీ విడిగా, వాళ్లింట్లో చేసిన పని పేరు చెప్పి ‘అది ఎలా పనిచేస్తోంది’ అని అడిగి, ఆ తర్వాత రివ్యూ సంగతి చెప్పండి. ఇలా ఫోన్ చేస్తే రివ్యూ రాసినా రాయకపోయినా ‘మంచి టైమ్‌కి చేశారు, ఇంకో పని ఉంది’ అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. నెమ్మదిగా రావడమే మంచిది కూడా. జనం ఎన్ని ఉన్నాయో చూసి ఊరుకోరు, చివరిది ఎప్పుడు రాశారో కూడా చూస్తారు. ఒకే వారంలో అరవై వచ్చి తర్వాత ఏడాది పాటు ఏమీ లేని పేజీ చూస్తే ఎవరికైనా ఏదోలా అనిపిస్తుంది.

ఇప్పుడు చెయ్యకూడనివి. కొన్న రివ్యూలు ఎందుకు వద్దన్నానంటే, అది దొంగ సాక్ష్యం. ఎవరి ఇంటికో వెళ్లబోయే మనిషి గురించి, అతన్ని ఎప్పుడూ చూడనివాడు ‘నమ్మకస్తుడు’ అని రాయడం. ఎనిమిదేళ్లు నిజాయితీగా చేసిన పని పక్కన దాన్ని పెట్టొద్దు. అది అలా ఉంచితే గూగుల్ కూడా ఊరుకోదు. నకిలీ రివ్యూలు పట్టుబడ్డ ప్రొఫైల్‌కి కొన్నాళ్లు కొత్త రివ్యూలు రాకుండా ఆపెయ్యొచ్చు, ఉన్నవి కనపడకుండా చెయ్యొచ్చు, నకిలీవి తీసేశామని పేజీ మీదే హెచ్చరిక కూడా పెట్టొచ్చు. చట్టాలూ గట్టిపడ్డాయి. అమెరికాలో నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన నిషేధం 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి. భారత్‌లో ఆన్‌లైన్ రివ్యూల సేకరణ ఎలా ఉండాలో 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే వచ్చింది.

డబ్బిచ్చి కొనడం తప్పని అందరికీ తెలుసు. తెలియకుండా చేసేవి ఇంకో మూడున్నాయి. రివ్యూ రాస్తే బిల్లులో తగ్గిస్తామనడం గూగుల్ నియమాలకి విరుద్ధం. ఇంట్లోవాళ్లు, కుర్రాళ్లు, వాళ్ల బంధువులు రాయడమూ అంతే. మూడోది, ముందు ‘బాగుందా బాలేదా’ అని అడిగి, బాగుందన్నవాళ్లకే లింకు పంపి బాలేదన్నవాళ్లని పక్కన పెట్టడం. ఇది తెలివైన పనిలా కనపడుతుంది కానీ ఇదీ కుదరదు, అడిగితే అందరినీ అడగాలి. డాబా లీకు గురించి పైన చెప్పాను కదా, అక్కడ కూడా అంతే. బాలేదన్నవాళ్లకి పని సరిచేశాక మిగతావాళ్లకి పంపినట్టే లింకు పంపండి. విదేశాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట: యెల్ప్‌లో అయితే అసలు రివ్యూలు అడగొద్దనే వాళ్ల నియమం, కాబట్టి ఏ సైట్లో అడుగుతున్నారో దాని నియమాలు ఒకసారి చదవండి.

ఇక మీకు టెన్షన్ పెట్టిన ఆ ఒక్క స్టార్. మీ ఉత్తరంలో దాన్ని నేను మూడుసార్లు చదివాను. ఆవిడ మొదటి మాటే ‘పని బానే చేశారు’ అని. అంత కోపంలో కూడా పనిని తప్పుపట్టలేదు, చూశారా? ఆవిడ బాధ రెండు విషయాల మీద, ఆలస్యం, మరకలు, రెండూ నిజమైతే రెండూ మన తప్పులే. నచ్చలేదని రిపోర్ట్ కొడితే గూగుల్ తీసెయ్యదు, నియమాలకి విరుద్ధంగా ఉంటేనే తీస్తుంది, ఇది విరుద్ధం కాదు. కాబట్టి ముందు ఫోన్ చెయ్యండి. రివ్యూ మార్చమని కాదు, ఆ గోడ శుభ్రం చేసిపెట్టడానికి. నెలైపోయిందని మొహమాటపడొద్దు. తర్వాత రివ్యూ కింద జవాబు రాయండి, నాలుగు వాక్యాలు దాటకుండా: ‘మేడం, మూడు గంటలు ఆలస్యమైనా ఫోన్ చేసి చెప్పకపోవడం మా తప్పు. గోడ మీద మరకలు చూసుకోకుండా వచ్చేయడం కూడా. ఇప్పటినుంచి అరగంట ఆలస్యమైనా ముందే ఫోన్ చేస్తాం, పనికి ముందు గోడకి, నేలకి కవర్ వేస్తాం. క్షమించండి.’ ట్రాఫిక్ అనీ, ముందింట్లో పని సాగిందనీ రాయొద్దు, అవి నిజమే అయినా. ఆవిడ పూర్తి పేరు, ఇల్లు ఎక్కడో, ఫోన్ నంబరు లాంటివేవీ జవాబులో రానివ్వొద్దు. ఆ జవాబు ఆవిడ ఒక్కతే చదవదు, రేపు మీకు ఫోన్ చేద్దామా వద్దా అని ఆలోచించే ప్రతి మనిషీ చదువుతుంది. తప్పు జరిగితే వీళ్లు ఎలా ఉంటారు అన్నది వాళ్లకి అక్కడే తెలుస్తుంది. రాసినవాళ్లు తమ రివ్యూని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఆవిడ మారిస్తే మంచిదే, మార్చకపోయినా ఏం మునిగిపోదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ స్పీగెల్ రీసెర్చ్ సెంటర్ 2017లో చూసినదాని ప్రకారం, జనం కొనడానికి ఎక్కువ మొగ్గు చూపేది రేటింగ్ 4.0కి 4.7కి మధ్య ఉన్నప్పుడు. అచ్చంగా 5 ఉంటే జనానికి నమ్మకం కుదరదు.

కవర్ వేస్తామని రాశాక నిజంగా వెయ్యాలి సుమా. రెండు పాత దుప్పట్లు, ఒక ప్లాస్టిక్ షీటు కుర్రాళ్ల సంచిలో పెట్టించండి.

మంచి రివ్యూలకి కూడా జవాబు రాయండి, ఒక్క వాక్యం చాలు, అన్నిటికీ ఒకే వాక్యం అతికించకుండా ఉంటే. ఇంకొకటి, రివ్యూ వచ్చిన రోజు దాన్ని పని చేసిన కుర్రాడికి చదివి వినిపించండి. నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, అసలు నోరు తెరిచేవాడు కాదు, కస్టమర్‌ని ఏదైనా అడగమంటే తల వంచుకుని వచ్చేసేవాడు. ఒకసారి ఒక పెద్దాయన ‘ఈ అబ్బాయి మెషీన్ బాగుచేసి, జరిపిన మంచాన్ని కూడా మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లాడు’ అని రాశారు. అది చదివి వినిపిస్తే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చదువుకున్నాడు. ఆ తర్వాత వాడికి అడగమని నేను చెప్పాల్సిన పని పడలేదు.

మీ ఆయన్ని ఒప్పించడానికి కూడా నేను ఇదే చేస్తాను. ఆ 17 రివ్యూలూ ఆయన పూర్తిగా ఎప్పుడూ చదివి ఉండరని నా అనుమానం. ఇవాళ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఒక్క స్టార్‌తో సహా, పైకి చదవండి. అందులో ఆయన పేరు ఎన్నిచోట్ల ఉందో ఆయన్నే లెక్కపెట్టమనండి. రేపు పొద్దున మొదటి పనికి బయల్దేరేటప్పుడు ఒక టిష్యూ ప్యాకెట్ సంచిలో వెయ్యండి.